సొమ్ము పుచ్చుకొనువాని ఊరును పేరును

గత సంక్రాంతి పండుగకు మెల్‌బోర్ను నుండి గుంటూరు వచ్చిన మా అక్కయ్య కుమారుడు, కనుమనాటి మధ్యాహ్నము భోజనములైన పిమ్మట, పడకకుర్చీలో కూర్చుండియున్న నా చేతికి తన ఫోనునిచ్చి, "మామయ్యా, నువ్వు బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజి సీటు చూసినవాడివి గదా, ఈ కంపెనీని నమ్మవచ్చో లేదో కాస్త చదివి చెప్పు" అని అడిగెను. ఆ ఫోనులో నున్నది, ఆతడు రెండేండ్లుగా ఖాతా కలిగియున్న ఒక ఆన్‌లైన్ విదేశ మారకపు బ్రోకరు వ్రాసిన లేఖ. ఆస్ట్రేలియా చట్టముల ననుసరించి తాము ముప్పది రెట్లకు మించిన లెవరేజి నీయజాలమనియు, ఖాతాను తమ అంతర్జాతీయ శాఖకు మార్చుకొనిన పక్షమున ఐదువందల రెట్లు ఇయ్యగలమనియు, మారినందులకు కానుకగా కొంత బోనసు సైతము జమకట్టుదుమనియు, ఇందులకు ఒక్క మీట నొక్కిన చాలుననియు అందులో వ్రాయబడియుండెను. ఆ అంతర్జాతీయ శాఖ యెక్కడ నున్నదో లేఖలో లేదు. అట్టడుగున, కంటికి ఆనని అక్షరములలో, సేషెల్సు ద్వీపములలో నమోదైన వేరొక కంపెనీ పేరు మాత్రము కనబడినది.

ఔననియో కాదనియో ఒక్క మాటతో తేల్చదగిన సంగతి కాదది. ఆతడు తిరుగు విమాన మెక్కులోపల నాలుగు సాయంకాలములు మేమిద్దరము కూర్చుండి, ఆ కంపెనీవారి ఒడంబడికను మొదటి పుట నుండి తుదిపుట వరకు చదివితిమి. విదేశములలో నున్న మన పిల్లలలో ఎందరో ఇట్టి లేఖల నందుకొనుచున్నారు. స్వదేశమున నున్న పిల్లలకు లేఖలు గూడ అక్కరలేక, ఫోనులోని ప్రకటనలే చాలుచున్నవి. కావున ఆ పఠనములో మాకు తెలిసివచ్చిన విషయములను ఇచట వ్రాయుచున్నాను.

మొదట ఈ వ్యాపార మన నేమో చెప్పవలెను. మన కృష్ణా, గుంటూరు సీమలలో భూముల ధరలు పెరుగుకాలమున, ఎకరము కోటి రూపాయలకు బేరమాడి, ఐదు లక్షలు బయానా యిచ్చి, అగ్రిమెంటు వ్రాయించుకొని, రిజిస్ట్రేషను గడువు రాకమునుపే ఆ అగ్రిమెంటును మరియొకరికి కోటి పది లక్షల లెక్కన అమ్మి, పది లక్షలు లాభము చేతబట్టుకొనిన వారిని మనమెల్ల రెరుగుదుము. అట్టివాడు ఆ నేలను దున్నలేదు, దాని గట్టు నైన చూచియుండడు. ఆతడు కొన్నదియు అమ్మినదియు ధరలోని వ్యత్యాసమును మాత్రమే. సీఎఫ్‌డీ యని వ్యవహరింపబడు ఒడంబడిక యొక్క స్వరూపము సరిగా నిట్టిదే. యూరో ధర యెక్కునని యెంచి కొనినవాని చేతికి యూరోలు రావు. బంగారము కొనినవాని యింటికి బంగారము రాదు. బేరము తెరచిన క్షణమున గల ధరకును మూసిన క్షణమున గల ధరకును నడుమనున్న తేడా మాత్రము ఖాతాలో కూడుటయో తీసివేయబడుటయో జరుగును. అయితే భూమి బేరమునకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము గలదు. అచట భూమి యొకటి నిజముగా నున్నది, దానికొక రైతు యజమానిగా నున్నాడు. ఇచట మనతో ఒడంబడిక చేసికొనుచున్నది బ్రోకరే. ఆతని మాట తప్ప ఆ బేరమునకు వెనుక వేరొక వస్తువు లేదు.

వస్తువు లేకయే వస్తువు ధరపై బేరమాడు నీ పద్ధతి నేటి రూపమున సామాన్యులకు లండన్ నగరమున మొదలైనది. బంగారమును నేరుగా కొనుట కష్టముగా నున్న ఆ దినములలో, 1974లో స్టూవర్ట్ వీలర్ అను నాయన బంగారపు ధరపై పందెము కాయుటకు వీలుగా ఒక సంస్థను స్థాపించెను. ఐజీ యను పేరుతో అది నేటికిని నడుచుచున్నది. సీఎఫ్‌డీలు 1990ల ప్రారంభమున అదే నగరములో, వాటాలు కొనునపుడు చెల్లింపవలసిన స్టాంపు సుంకమును తప్పించుకొనగోరిన పెద్ద మదుపరుల కొరకు పుట్టినవి. ఆ దశాబ్దము ముగియులోపల ఇంటర్నెట్టు వాటిని సామాన్యుల గదులలోనికి తెచ్చినది.

బ్రోకర్ల ప్రకటనలలో ఒక సంఖ్య తరచుగా కనబడుచుండును: ప్రపంచమున దినమునకు ఏడున్నర లక్షల కోట్ల డాలర్ల మారకము జరుగుచున్నదని. ఆ సంఖ్య పాతదైనను కల్పితము కాదు. 2022 ఏప్రిల్ మాసపు లెక్కగా అంతర్జాతీయ పరిష్కారముల బ్యాంకు ప్రకటించినది. కాని ఆ మహాసముద్రము బ్యాంకులు బ్యాంకులతో వ్యవహరించునట్టిది. ఫోనులో మీట నొక్కు మన పిల్లవాడు దానిలో దిగుటలేదు; ఆతడు నిలిచియున్నది బ్రోకరు తన అంగడిలో త్రవ్వించుకొన్న కొలనిలో. అందలి నీటి మట్టము సముద్రపు మట్టము ననుసరించి సాధారణముగా నుండవచ్చును గాని, దానిని చూపు కొలబద్ద బ్రోకరు చేతిలోనిదే.

ఇక లెవరేజి, అనగా కట్టిన సొమ్మునకు ఎన్నో రెట్లు విలువగల బేరమాడు వెసులుబాటు. యూరో ఒకటికి 1.10 డాలర్లు ధర యున్నదనుకొందము. ఈ వర్తకములో ఒక లాటు అనగా లక్ష యూరోలు, అనగా లక్షా పదివేల డాలర్లు. ఐదువందల రెట్ల లెవరేజి గలచోట దీనికి కట్టవలసిన మార్జిన్, మన మాటలో బయానా, 220 డాలర్లు మాత్రమే. ఖాతాలో వేయి డాలర్లు గలవానికి ఇది అతిసులభముగా తోచును. కాని ధర 1.10 నుండి 1.09కి దిగెనేని, అనగా నూటికి ఒకవంతు కన్న తక్కువైన ఆ కదలికతోనే, ఆతని వేయి డాలర్లును హరించిపోవును. వాస్తవమునకు అంతవరకు కూడ ఆగరు, ఖాతాలోని శేషము ఒక మేరకు తగ్గగనే కంపెనీ యంత్రమే బేరమును మూసివేయును, దీనినే స్టాప్ ఔట్ అందురు. అమెరికా ద్రవ్యోల్బణపు లెక్కలు వెలువడిన దినమున అంతటి కదలిక ఒక్క పూటలో జరుగుట వింత గాదు. ముప్పది రెట్ల హద్దు గలచోట అదే వేయి డాలర్లతో ఇరువదియేడువేల యూరోలకు మించి కొన వీలుపడదు. అదే కదలికకు ఆతడు కోలుపోవునది ఇంచుమించు 270 డాలర్లు, తక్కిన 730 డాలర్లతో ఆలోచించుకొనుటకు మరునాడు మిగులును. లేఖలో కానుకగా వర్ణింపబడిన ఐదువందల రెట్లు వాస్తవముగా నేమో మా మేనల్లునికి ఈ లెక్క కాగితముపై వేసి చూపిన పిదపనే తెలిసినది.

ఆ ముప్పది రెట్ల హద్దు ఎవరో పిరికివారు వేసినది కాదు. ఐరోపా సమాఖ్య దేశముల నియంత్రణాధికారులు పరిశీలించి, ఈ వర్తకమున సామాన్యుల ఖాతాలలో నూటికి 74 మొదలు 89 వరకు నష్టములోనే ముగియుచున్నవని కనుగొని, 2018 ఆగస్టు 1 నుండి ప్రధాన కరెన్సీలకు ముప్పది రెట్లు, బంగారమునకు ఇరువది, కంపెనీల వాటాలకు ఐదు, క్రిప్టోలకు రెండు రెట్ల హద్దులు విధించిరి. ఖాతాలో నున్న సొమ్మునకు మించి ఖాతాదారు బాకీపడరాదనియు, బోనసు లాశజూపి పిలువరాదనియు, తమ ఖాతాదారులలో నూటికెందరు నష్టపోవుచున్నారో ప్రతి కంపెనీయు తన ముఖద్వారముననే వ్రాసియుంచవలెననియు శాసించిరి. ఆస్ట్రేలియా 2021 మార్చి 29 నుండి ఇంచుమించుగా ఇవే హద్దులను అమలు చేసినది. అమెరికాలో సామాన్యులకు సీఎఫ్‌డీల నమ్ముటయే నిషిద్ధము.

ఈ శాసనముల వలన కంపెనీలు మారలేదనను, అనేకము చక్కబడినవి. కాని కొన్ని మాత్రము ఒకే పేరును, ఒకే చిహ్నమును, ఒకే యాప్‌ను నిలుపుకొని, కాగితముపై రెండు మూడు కంపెనీలుగా చీలినవి: కఠినమైన చట్టముగల దేశమున నొకటి, సడలిన చట్టముగల ద్వీపమున మరియొకటి. ఇది తెలిసికొనుటకు మాకు దొరికిన సులభమైన మార్గము ఒకటే. ఆ కంపెనీవారి బ్రిటిషు వెబ్‌సైటును, అంతర్జాతీయ వెబ్‌సైటును ప్రక్కప్రక్కన తెరచి చూచితిమి. మొదటిదానిలో నష్టపోవువారి శాతము పెద్ద అక్షరములలో నున్నది. రెండవదానిలో ఆ వాక్యము లేదు. ఆ తావున బోనసు ప్రకటన యున్నది. రంగులు మాత్రము రెంటను ఒక్కటే.

ఇక మనతో ఒడంబడిక చేసికొనువాడు లాభము నెట్లు గడించుచున్నాడను ప్రశ్న. కోడిపందెముల బరిలో పందెములు నడిపించి, గెలిచినవాని సొమ్ములో తన భాగమును తీసికొనువాడు వేరు. తానే మనకెదురుగా పందెము కాయువాడు వేరు. మొదటివానికి మన గెలుపు వలన నష్టము లేదు. రెండవవానికి మన యోటమియే ఆదాయము. బ్రోకర్లలోను ఈ రెండు తెగలవారున్నారు: ఖాతాదారు బేరమును వెలుపలి బ్యాంకులకు పంపి కమీషనుతో తృప్తిపడువారును, ఆ బేరమును తమ పద్దులోనే యుంచుకొని ఎదుటిపక్షమున నిలుచువారును. వర్తకుల పరిభాషలో వీనిని ఏ-బుక్, బి-బుక్ అందురు. ఎదుటిపక్షమున నిలుచుట స్వతహాగా నేరము గాదు. చట్టబద్ధమైన పెద్ద సంస్థలును ఆ పని చేయుచున్నవి. దాచుట నేరము. అమెరికాలో నమోదై, స్టాక్ ఎక్స్ఛేంజిలో వాటాలు గల ఎఫ్ఎక్స్‌సీఎమ్ అను ప్రసిద్ధ సంస్థ, తమవద్ద డీలింగు డెస్కు లేదనియు, ఖాతాదారుల నష్టముతో తమకు ప్రయోజనము లేదనియు చెప్పుకొనుచు, ఆ బేరముల కెదురుగా నిలుచు ముఖ్యమైన మార్కెట్ మేకరు ఆదాయములో రహస్యముగా పాలు పొందుచుండెనని అచటి కమాడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషను నిర్ధారించి, 2017 ఫిబ్రవరిలో 70 లక్షల డాలర్ల జరిమానా విధించి, ఆ దేశమున వర్తకము చేయకుండ వెడలించినది. అంతటి నిఘాగల దేశముననే ఇది బయటపడుటకు ఏండ్లు పట్టినది. నిఘాయే లేని ద్వీపమున బయటపెట్టువా రెవ్వరు? మా మేనల్లునికి వచ్చిన సేషెల్సు ఒడంబడికలో ఈ సంగతి దాచలేదు గాని, పదునాల్గవ పుటలో ఒక ఉపవాక్యముగా, "కంపెనీ సర్వదా ప్రిన్సిపల్ హోదాలో వ్యవహరించును" అని మాత్ర మున్నది. దాని యర్థము, నీ కెదుట నున్నది మేమే యని.

చట్టమెంత కఠినమైనను కంపెనీ దివాలా తీయదా యని ఆతడు అడిగెను. తీయును. అందులకు నిదర్శనముగా నేనాతనికి 2015 జనవరి 15వ తేదీ కథ చెప్పితిని; నేను ఉద్యోగములో నుండగా కన్నులార చూచిన దినములలో అది మరపురానిది. యూరో విలువ 1.20 ఫ్రాంకుల కన్న దిగజారనీయబోమని స్విట్జర్లాండు జాతీయ బ్యాంకు 2011 సెప్టెంబరు 6న ప్రకటించి, మూడేండ్లకు పైగా ఆ మాట నిలుపుకొనుచు వచ్చినది. కేంద్రబ్యాంకు మాటను గోడగా నమ్మి, ఆ గోడ కానుకొని, యూరో కొనియుంచినవారు వేలకువేలు. ఆ గురువారమున, మన గడియారముల ప్రకారము మధ్యాహ్నము మూడు గంటలకు, ఎట్టి ముందు సూచనయు లేక, ఆ హద్దును తొలగించితిమని బ్యాంకువారు ఒక ప్రకటన వెలువరించిరి. కొన్ని నిమిషములలో యూరో ఒక ఫ్రాంకు కన్న దిగువకు పడిపోయెను. ధర 1.19కి దిగినచో నా బేరమును మూసివేయుడని స్టాప్ లాస్ ఆజ్ఞ లిచ్చియున్నవారికి అవి ఫలింపలేదు, ఏలయన 1.19 వద్ద కొనువాడొక్కడును లేడు. ఎవడైన దొరకుసరికి ధర ఎక్కడికో దిగిపోయినది. ఖాతాలోని సొమ్మంతయు పోవుటయే గాక, ఎందరో బ్రోకరుకు తిరుగ బాకీపడిరి.

ఆ దెబ్బకు మరునాడే లండన్‌లోని ఆల్పారీ యూకే దివాలా ప్రకటించినది. వెస్ట్‌హామ్ యునైటెడ్ అను ప్రఖ్యాత ఫుట్‌బాలు జట్టు క్రీడాకారుల చొక్కాలపై నాటికి కనబడుచున్నది ఆ కంపెనీ పేరే. పైన చెప్పిన ఎఫ్ఎక్స్‌సీఎమ్‌కు ఖాతాదారుల వలన రావలసిన బాకీ 22.5 కోట్ల డాలర్లకు చేరగా, ల్యూకేడియా యను సంస్థవద్ద 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకొని నిలదొక్కుకొన్నది. కాని ఇచట గమనింపవలసిన దొకటి గలదు. ఆల్పారీ యూకే బ్రిటిషు చట్టమునకు లోబడినది గనుక, ఖాతాదారుల సొమ్ము కంపెనీ సొమ్ముతో కలియక వేరు బ్యాంకు ఖాతాలలో నుంచబడవలెను; దివాలా పిమ్మట లెక్కలు తేల్చుటకు చట్టము అధికారులను నియమించినది; తరుగుపడినచో పూడ్చుటకు పరిహార నిధి యొకటి యుండెను. నేడు ఆ నిధి పెట్టుబడుల విషయమున ఒక్కొక్కరికి 85,000 పౌండ్ల వరకు పూచీపడుచున్నది. సైప్రస్‌లో అట్టి నిధి హద్దు 20,000 యూరోలు. కంపెనీ కూలినపుడు దాని ఖాతాదారు తలుపుతట్టుటకు ఒక యిల్లున్నదా లేదా యనునది, ఆ కంపెనీ ఎంత పెద్దది యను దానికన్న ముఖ్యమైన ప్రశ్నయని నాకు ఆనాడే బోధపడినది.

సేషెల్సును నేను కించపరచుటలేదు. హిందూమహాసముద్రమున ఇంచుమించు 115 ద్వీపముల సముదాయమది. జనసంఖ్య లక్షకు కొంచె మెక్కువ. వారి నాణెమునకును రూపాయి యనియే పేరు. అచట ఆర్థిక సేవల అధికారసంస్థ యొకటి యున్నది, అది లైసెన్సులు నిచ్చుచున్నది, కొన్ని మర్యాదగల కంపెనీలు సైతము ఆ లైసెన్సులతో వ్యవహరించుచున్నవి. కాని మెల్‌బోర్నులో నున్న మనుష్యునికి వివాదము వచ్చినపుడు ఆస్ట్రేలియా కంపెనీయైనచో రుసుము లేకయే ఫిర్యాదు వినుటకు 2018లో ఏర్పడిన స్వతంత్ర సంస్థ గలదు. సేషెల్సు కంపెనీయైనచో, ఒడంబడిక ప్రకారము, ఆ ద్వీపముల న్యాయస్థానములే శరణ్యము. చిత్రమైన సంగతి యేమనగా, మా మేనల్లుడు నివసించు రాష్ట్రము పేరు విక్టోరియా. ఆ ద్వీపముల రాజధాని పేరును విక్టోరియాయే. పేరొక్కటేయైనను నడుమ ఎన్నో వేల మైళ్ల సముద్రమున్నది.

సేషెల్సు నైన ఒక మెట్టు పైనున్నదనవలెను. సెయింట్ విన్సెంటు, గ్రెనడీన్సు దీవులలో నమోదైతిమని గర్వముగా చెప్పుకొను బ్రోకర్లు కొందరున్నారు. విదేశ మారకపు వర్తకమునకు తాము లైసెన్సు లీయమని ఆ దీవుల అధికారసంస్థ తానుగా ప్రకటించియున్నది. అచట నమోదగుట యనగా కంపెనీ పేరు ఒక పుస్తకములో నెక్కుటయే గాని, ఎవరైన దానిని పర్యవేక్షించుచున్నారని కాదు. నమోదునకును లైసెన్సునకును గల ఈ భేదము తెలియక మోసపోవువారే యెక్కువ. లైసెన్సు సంఖ్య చూపినను, కంపెనీవా రిచ్చిన లంకె ద్వారా గాక, ఆయా నియంత్రణాధికారి వెబ్‌సైటు చిరునామాను తానుగా టైపు చేసి, అచటి పట్టికలో కంపెనీ పేరును, దాని వెబ్‌సైటు చిరునామాను, ఫోను నెంబరును సరిచూచుకొనవలెను. మంచి కంపెనీ పేరును, లైసెన్సు సంఖ్యను దొంగిలించి నకిలీ వెబ్‌సైట్లు పెట్టినవారి గూర్చి బ్రిటిషు అధికారులు నిత్యమును హెచ్చరికలు వెలువరించుచునే యున్నారు.

సాఫ్ట్‌వేరును చూచి నమ్ముట మరియొక పొరబాటు. మెటాట్రేడరు 4 అను ప్రోగ్రాము 2005 నుండి ఎందరో బ్రోకర్ల యొద్ద నడుచుచున్నది. అది కంసాలి త్రాసు వంటిది, త్రాసు మంచిదైనంత మాత్రమున తూచువాడు మంచివాడు కానక్కరలేదు. అట్లే ఉత్తమ బ్రోకర్ల జాబితాలు వ్రాయువారిలోను, టెలిగ్రాం బృందములలో సిగ్నల్స్ పంపువారిలోను పెక్కురకు, తాము చేర్పించిన ఒక్కొక్క ఖాతాదారుపై బ్రోకరే కమీషను ముట్టచెప్పుచుండును. ఒక్కొక్కచో ఆ కమీషను ఖాతాదారు నష్టములోని భాగముగానే యుండును.

నాకు ముప్పది యేండ్ల బ్యాంకు ఉద్యోగము నేర్పిన దేమనగా, సొమ్ము తీసికొనునపుడు అందరును సౌమ్యులే. ఇచ్చునపుడే మనిషి తెలియును. కావున ఒడంబడికలో విత్‌డ్రాయల్ ప్రకరణమును మేము రెండుమార్లు చదివితిమి. బోనసు జమయైన ఖాతాలో, బోనసునకు ఇన్ని రెట్లు లావాదేవీలు జరుపునంత వరకు లాభమును తీసికొనరాదని యుండెను. ఆ కానుక యథార్థమునకు సంకెల. "అసాధారణమైన వర్తకము" జరిగెనని కంపెనీ భావించినచో లాభములను రద్దుపరచవచ్చు ననియు నుండెను. అసాధారణ మన నేమో ఎక్కడను నిర్వచింపలేదు. మూడు మాసములు వర్తకము చేయకున్నచో నెలనెలకు రుసుము. రాత్రి దాటి బేరము నిలిపినచో స్వాప్ అను వడ్డీ, బుధవారము నాడు మూడింతలు. ఇవన్నియు దోపిడీ కాకపోవచ్చును, స్వాప్ వంటివి అందరి యొద్ద నున్నవే. కాని చదువక సంతకము చేసినవానికి తెలియవు.

మొదట యాభై డాలర్లు వేసి, తిరిగి తీసికొని చూచిన చాలునని కొందరు సలహా చెప్పుదురు. ఆ పరీక్షలో నెగ్గనివాడు చెడ్డవాడని చెప్పవచ్చును గాని, నెగ్గినవాడు మంచివాడని చెప్పజాలము. మోసగాండ్రు చిన్న మొత్తములను తక్షణమే చెల్లింతురు, ఏలయన పెద్ద మొత్తమును రప్పించునది ఆ చెల్లింపే. పిమ్మట యాభైవేల డాలర్లు అడిగినపుడు, మొదట పన్ను కట్టుమనియు, పిదప ధ్రువీకరణ రుసుము కట్టుమనియు, తీసికొనుటకే ఇంకను ఇచ్చుకొనుమందురు. తన ఖాతాలోని తన సొమ్మును తీసికొనుటకు ముందుగా వెలుపలి నుండి సొమ్ము తెచ్చి కట్టుమని అడుగు వానితో ఆ క్షణమునే వ్యవహారము చాలించుకొనవలెను.

ఈ సంభాషణ యంతయు వినుచు గుమ్మముకడ కూర్చుండియున్న మా తమ్ముని కుమారుడు, గుంటూరులోనే ఇంజనీరింగు ముగించి ఉద్యోగము వెదకుకొనుచున్నవాడు, మూడవ సాయంకాలమున, "పెదనాన్నా, ఇక్కడున్నవాళ్లు కూడా ఇలాంటి యాప్‌లలో చేయొచ్చా? వాళ్లు యూపీఐతోనే డబ్బు తీసుకుంటున్నారు" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు సమాధానము సులభము. వినుటకు మాత్రము కష్టముగా నుండును.

భారతదేశమున నివసించువానికి పైన చెప్పిన గుణదోష విచారణతో పనియే లేదు. 1999 నాటి విదేశ మారకపు నిర్వహణ చట్టము, అనగా ఫెమా, ప్రకారము, విదేశ మారకపు వ్యవహారము రిజర్వు బ్యాంకు అధికారమిచ్చిన వారితోను, అనుమతించిన ప్రయోజనములకును మాత్రమే జరుపవలెను. ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుపదలచినచో రిజర్వు బ్యాంకు అనుమతిగల వేదికలపైనను, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి వంటి గుర్తింపుగల విపణులలోనను మాత్రమే జరుపవలెను. సంవత్సరమునకు రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశములకు పంపుకొను వెసులుబాటు చదువులకును, బహుమానములకును, పెట్టుబడులకును ఉపయోగించునే గాని, విదేశములలో మార్జిన్ కట్టుటకు వర్తింపదని రిజర్వు బ్యాంకు స్పష్టముగా చెప్పియున్నది. ఉల్లంఘించినవానికి ఆ మొత్తమునకు మూడింతల వరకు జరిమానా విధింపవచ్చును. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో 34 పేర్ల హెచ్చరిక జాబితా నొకటి ప్రకటించి, పిమ్మట దానిని పెంచుచు వచ్చినది. ఆ జాబితాలో పేరు లేనంతమాత్రమున అనుమతి యున్నట్లు కాదని కూడ అందుననే చెప్పబడినది.

స్వదేశపు విపణిలో రూపాయి, డాలరుల ఫ్యూచర్సు 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో మొదలైనవి. అచట ఒక కాంట్రాక్టు అనగా వేయి డాలర్లు. అదియు నేడు విదేశ మారకముతో నిజమైన అవసరము గలవారికే యని 2024 మే మాసము నుండి రిజర్వు బ్యాంకు నియమము అమలులోనికి వచ్చినది. ఇట్లనుటలో నిరుద్యోగియైన కుఱ్ఱవాని కేదో అవకాశమును మూసివేయుచున్నారని మా వాడు భావించినాడు. కాని, మన దేశపు వాటాల ఫ్యూచర్సు, ఆప్షన్సు వర్తకములో, అంతటి నిఘా నడుమ, 2022 మొదలు 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో వ్యక్తులైనవారిలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, ఆ నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినదనియు వాటాల విపణుల నియంత్రణ సంస్థయైన సెబీ తన అధ్యయనములో వెల్లడించినది. నిఘాయే లేనిచోట లెక్కగట్టువారును లేరు.

నాలుగవ నాటికి మేనల్లుడు ఆ కంపెనీవారికి వ్రాసిన మూడు ప్రశ్నలకు జవాబు వచ్చెను. నా ఒడంబడిక యే కంపెనీతో? సేషెల్సు కంపెనీతో. నా బేరమునకు ఎదుటిపక్షము మీరేనా? ఒడంబడిక చూడుడు. వివాదము వచ్చినచో ఆస్ట్రేలియా ఫిర్యాదుల సంస్థ వర్తించునా? వర్తించదు. ఆతడు ఆ మీట నొక్కలేదు. ముప్పది రెట్ల పాత ఖాతాలోనే యుండి, అందులోని సొమ్ములో సగమును ఇంటి అప్పునకు జమకట్టుకొందునని చెప్పి, గన్నవరము విమానాశ్రయము నుండి ఆ రాత్రియే బయలుదేరెను.

వానిని సాగనంపి వచ్చిన పిమ్మట తమ్ముని కుమారుడు నాతో మేడమీదికి వచ్చి, చాలసేపు ఊరకుండి, "నేను నలభై వేలు కట్టేశాను పెదనాన్నా, నాన్నకు చెప్పలేదు, పది రోజులై వెనక్కి అడుగుతుంటే ముందు పన్ను కట్టమంటున్నారు" అని చెప్పినాడు. నేనేమియు అనలేదు. సైబరు నేరముల ఫిర్యాదులకై ప్రభుత్వమువారు ఏర్పరచిన 1930 నెంబరుకు ఆ రాత్రియే ఫోను చేసితిమి. అవతల మాటలాడిన అమ్మాయి ఓపికతో వివరము లన్నియు వ్రాసికొని, డబ్బు ఎవరి పేరున పంపితిరని అడిగెను. వాడు ఫోనులో రసీదు వెదకి నా చేతికిచ్చినాడు. యాప్‌లో కనబడు కంపెనీ పేరు గాని, దాని దేశము పేరు గాని అందులో లేవు. ఏనాడును మేము వినని, ఎవరో ఒక మనిషి పేరు మాత్రమున్నది.